ఇమ్యునోథెరపీలో ఉండగా విరేచనాలు, ఇప్పుడు స్టెరాయిడ్ ఎక్కిస్తున్నారు. క్యాన్సర్ మందు పనిచేయడం మానేస్తుందా?

కిటికీపక్కసీటు:
నాన్నకి ఊపిరితిత్తుల క్యాన్సర్. మొదట కీమోతో కలిపి పెంబ్రోలిజుమాబ్ అనే ఇమ్యునోథెరపీ మందు (రోగనిరోధక శక్తిని క్యాన్సర్ మీదకి ఉసిగొల్పేది) ఇచ్చారు. కీమో అయిపోయాక ఒక్క పెంబ్రోనే నడుస్తోంది, మూడు వారాలకోసారి. స్కాన్‌లో గడ్డ బాగా తగ్గింది. హమ్మయ్య అనుకునేలోపు విరేచనాలు పట్టుకున్నాయి. రాత్రిపూట క్యాజువాలిటీకి తీసుకెళ్తే డ్యూటీ డాక్టరు "కీమో పేషెంట్లకి ఇది మామూలే, తిన్నది పడి ఉండదు" అని విరేచనాలు ఆపే లోపెరమైడ్, ఒక యాంటీబయాటిక్, ఓఆర్ఎస్ రాసి పంపేశారు. కీమో ఎప్పుడో ఆపేశారండీ, ఇప్పుడిచ్చేది ఇమ్యునోథెరపీ అన్నాను. "అదీ అలాంటిదేగా" అన్నారు.

తర్వాత జిగురు, నెత్తురు చారలు కూడా కనబడ్డాయి. నిద్రలోంచి లేచి పరిగెత్తాల్సి వస్తోంది. ఆంకాలజిస్టుకి ఫోన్ చేస్తే ఉన్నపళంగా రమ్మని, ఇది మందు వల్ల వచ్చిన కొలైటిస్ (పెద్దపేగు వాపు) అని అడ్మిట్ చేసుకున్నారు. మిథైల్ ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ ఎక్కిస్తున్నారు. వచ్చే డోసు ఆపేశారు.

నా కోపం ఏమిటంటే, ఇలా జరగొచ్చని నోరు తెరిచి ముందు ఎవరూ చెప్పలేదు. సంతకం పెట్టించుకున్న కాగితాల్లో ఎక్కడో ఉండే ఉంటుంది. నా భయం వేరు. బాబాయి ఏమంటున్నాడంటే, రోగనిరోధక శక్తిని రెచ్చగొట్టే మందు ఇచ్చి, ఇప్పుడు దాన్నే అణగదొక్కే స్టెరాయిడ్ ఇస్తే ఇన్నాళ్ల వైద్యం బూడిదలో పోసిన పన్నీరే అని. నిజమేనా?

రిపోర్టులఫైలు:
ఈ ప్రశ్న మా ఇంట్లోనూ పెద్ద గొడవే చేసింది. మావారికి కిడ్నీ క్యాన్సర్, ఇపిలిముమాబ్, నివోలుమాబ్ అనే ఇమ్యునోథెరపీ మందులు రెండూ కలిపి ఇచ్చారు. మనిషికి ఏ బాధా లేదు, రక్తపరీక్షలో మాత్రం లివర్ ఎంజైములు ఆకాశానికి ఎగబాకాయి. స్టెరాయిడ్ మొదలుపెట్టారు, ఆ రెండు మందులూ ఆపేశారు. మళ్లీ ఇవ్వనే లేదు. అయినా తర్వాతి స్కాన్లన్నిటిలో గడ్డలు తగ్గుతూనే వచ్చాయి.

నేను చదివినంతలో, సైడ్ ఎఫెక్టు వచ్చాక దాన్ని తగ్గించడానికి స్టెరాయిడ్ వాడినవాళ్లలో క్యాన్సర్ ఫలితం పెద్దగా దెబ్బతినలేదనే చాలా అధ్యయనాలు చెప్తున్నాయి. ఇమ్యునోథెరపీ మొదలుపెట్టే నాటికే రోజుకి 10 మిల్లీగ్రాములో అంతకన్నా ఎక్కువో ప్రెడ్నిసొలోన్ వాడుతున్నవాళ్లలో ఫలితం తక్కువగా కనబడింది. ఆ రెండూ ఒకటి కావు. బాబాయి గారికి ఈ తేడా చెప్పండి.

సందేహాలరావు:
అంత తేలిగ్గా కొట్టిపారేయకండి. మొదట్లోనే మరీ ఎక్కువ మోతాదు స్టెరాయిడ్ పడిన మెలనోమా (ఒక రకం చర్మ క్యాన్సర్) పేషెంట్లలో ఫలితం కొంత తగ్గినట్టు చూపించిన విశ్లేషణలు ఉన్నాయి. బాబాయిది ఉత్త చాదస్తం కాదు.

రిపోర్టులఫైలు:
ఉన్నాయి రావు గారూ, నేనూ చూశాను. కానీ అంత మోతాదు ఎవరికి ఇస్తారు? జబ్బు ముదిరినవాళ్లకి, సైడ్ ఎఫెక్టు తీవ్రంగా ఉన్నవాళ్లకి. ఏది దేనివల్లో విడదీయడం కష్టం. పైగా ఇక్కడ స్టెరాయిడ్ ఇవ్వకపోతే ఏం జరుగుతుంది? పేగుకి చిల్లు పడే దాకా చూస్తూ కూర్చోవాలా?

సందేహాలరావు:
ఇవ్వొద్దని నేనన్నానా? భయంలో అర్థం ఉందన్నాను, అంతే.

నాలుగో_వార్డు:
ఇమ్యునోథెరపీ ఎక్కించే డేకేర్‌లో నర్సుగా చేస్తాను. డాక్టర్ని కాను, రోజూ చూసేది చెప్తాను.

మన టీ కణాలు, అంటే జబ్బుతో పోరాడే ఒక రకం తెల్ల రక్తకణాలు, సొంత శరీరం మీద పడకుండా వాటికి బ్రేకులుంటాయి. సీటీఎల్ఏ-4 ఒకటి, పీడీ-1 ఇంకొకటి. క్యాన్సర్ గడ్డ ఆ బ్రేకు మీద కాలు పెట్టి తప్పించుకుంటుంది. ఈ మందులు ఆ కాలు తీసేస్తాయి. దాంతో టీ కణాలు గడ్డ మీద పడతాయి, కొందరిలో పేగు, చర్మం, థైరాయిడ్, కాలేయం, ఊపిరితిత్తుల మీద కూడా పడతాయి. అందుకే కీమో విరేచనానికీ దీనికీ పోలిక లేదు. కీమోది చాలావరకు దానంతటదే సర్దుకుంటుంది. ఇది ఊరుకుంటే పెరుగుతుంది.

మేము ఫోన్‌లో మొదట అడిగేది "మామూలుగా రోజుకి ఎన్నిసార్లు వెళ్తారు, ఇప్పుడు ఎన్నిసార్లు?" అని. మామూలు కన్నా నాలుగు నుంచి ఆరు సార్లు ఎక్కువైతే గ్రేడ్ 2, ఏడు గానీ అంతకు మించి గానీ ఎక్కువైతే గ్రేడ్ 3 (గ్రేడ్ అంటే తీవ్రత మెట్టు). నెత్తురు, జిగురు, కడుపునొప్పి, జ్వరం ఉంటే లెక్కతో పని లేకుండా రమ్మంటాం. లోపెరమైడ్‌తో వచ్చే చిక్కేమిటంటే, అంకె తగ్గుతుంది, లోపల వాపు తగ్గదు. ఇన్ఫెక్షన్ ఉందేమో చూడటానికి మలపరీక్ష పంపుతారు, అవసరమైతే గొట్టం వేసి పేగు లోపల చూస్తారు, చిన్న ముక్క తీస్తారు. నాన్నగారికి చేశారా?

కిటికీపక్కసీటు:
మలపరీక్ష పంపారు. సిగ్మాయిడోస్కోపీ రేపు. టీబీ పరీక్ష, హెపటైటిస్ బీ పరీక్ష కూడా చేశారు, అవెందుకో అర్థం కాలేదు. విరేచనాలకీ టీబీకీ ఏం సంబంధం?

నాలుగో_వార్డు:
ముందుచూపు. స్టెరాయిడ్‌కి కొన్ని రోజుల్లో లొంగకపోతే ఇన్‌ఫ్లిక్సిమాబ్ గానీ వెడోలిజుమాబ్ గానీ ఇస్తారు, అవి పేగు వాపుని అణిచే వేరే మందులు. ఇన్‌ఫ్లిక్సిమాబ్ ఇస్తే లోపల నిద్రపోతున్న టీబీ, హెపటైటిస్ బీ లేచి కూర్చోవచ్చు. అప్పుడు పరీక్షకి పంపి రిపోర్టు కోసం ఎదురుచూసే కంటే ఇప్పుడే చేయించి పెట్టారు. మీ డాక్టరు జాగ్రత్తపరుడే.

పాతకాపు:
తల్లీ, ముందు చెప్పలేదన్న నీ కోపం న్యాయమే. నాకైతే చెప్పారు, కానీ ఆ పూట నా చెవికి "క్యాన్సర్" అన్న మాట తప్ప ఇంకేమీ ఎక్కలేదు.

నాది మెలనోమా. ఇపిలిముమాబ్ 2011లో అమెరికాలో అనుమతి పొందింది, పెంబ్రో, నివో 2014లో. నేను ఆ తర్వాత ఇపిలిముమాబ్, నివో రెండూ కలిపి తీసుకున్న బాపతు. జంటగా ఇస్తే సైడ్ ఎఫెక్టులు మరీ ఎక్కువ. మెలనోమాలో జరిగిన పెద్ద ట్రయల్‌లో జంట మందు తీసుకున్నవాళ్లలో సగానికి పైగా గ్రేడ్ 3, 4 ఇబ్బందులు చూశారు. నాకు ముందు ఒళ్లంతా దద్దుర్లు, తర్వాత తలనొప్పి. మామూలు తలనొప్పి కాదు, రోజంతా నుదుటి వెనక బరువు. దాంతోపాటు నీరసం. బట్టలు మార్చుకోవడానికి మంచం అంచున కూర్చుంటే, చొక్కా ఒక చెయ్యి తొడిగాక రెండో చెయ్యికి ఓపిక ఉండేది కాదు. ఇంట్లో అందరూ డిప్రెషన్ అన్నారు. తీరా చూస్తే మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి వాచింది. కార్టిసాల్ అనే హార్మోను అడుగంటింది. దాని బదులు ఇచ్చే హైడ్రోకార్టిసోన్ మొదలుపెట్టాక మనిషినయ్యాను. ఆ బిళ్ల జీవితాంతం వేసుకోవాలి.

ఇక తెల్లమచ్చలు కూడా వచ్చాయి, బొల్లి. నేను అద్దంలో చూసుకుని ఏడుస్తుంటే మా డాక్టరు ముఖం వెలిగిపోయింది. మెలనోమాలో బొల్లి వస్తే మందు బాగా పనిచేస్తున్న గుర్తట. ఆయన సంబరం చూసి నాకు ఒళ్లు మండింది.

సందేహాలరావు:
అంటే సైడ్ ఎఫెక్టు వస్తే మందు పనిచేస్తున్నట్టు, రాకపోతే లేనట్టు. అంతేనా? మా బావమరిదికి ఒక్క దద్దురు కూడా లేదు. ఇంట్లో వాళ్లు దానికి కూడా దిగులు పడుతున్నారు.

ఉదయం8గంటలశాంపిల్:
ఎండోక్రైన్ డాక్టర్ని. ఆ లెక్క అంత సూటిగా ఉండదు. సైడ్ ఎఫెక్టులు వచ్చినవాళ్లలో ఫలితం కొంత మెరుగ్గా ఉన్నట్టు చాలా అధ్యయనాల్లో కనబడిన మాట నిజం. మెలనోమాలో బొల్లికి ఆ సంబంధం బలంగానే ఉంది. కానీ ఎక్కువ కాలం బతికి, ఎక్కువ డోసులు తీసుకున్నవాళ్లకి సైడ్ ఎఫెక్టు రావడానికి సమయం కూడా ఎక్కువ దొరుకుతుంది, ఆ మేరకు లెక్క వంకర పోతుంది. ఏ ఇబ్బందీ లేకుండా గడ్డలు కరిగినవాళ్లు బోలెడంత మంది. మీ బావమరిది గారిని హాయిగా ఉండనివ్వండి.

పాతకాపు గారు చెప్పింది చాలామంది మిస్సయ్యే విషయం. థైరాయిడ్ దెబ్బతింటే ముందు కొన్ని వారాలు హార్మోను ఎక్కువై గుండెదడ, బరువు తగ్గడం ఉంటాయి, ఆ తర్వాత పడిపోతుంది. ఎక్కువగా ఉన్న దశ చూసి కంగారుపడి థైరాయిడ్‌ని అణిచే మందు మొదలుపెట్టకూడదు, దడ తగ్గే మందు చాలు. రెండో సంగతి, టీఎస్‌హెచ్ (థైరాయిడ్‌ని పనిచేయించే పిట్యూటరీ హార్మోను) ఒక్కటే చూస్తే మోసపోతాం. పిట్యూటరీయే దెబ్బతిన్నప్పుడు టీఎస్‌హెచ్ తక్కువగానో నార్మల్‌గానో కనబడుతుంది, టీ4, అంటే థైరాయిడ్ హార్మోను, మాత్రం తక్కువ ఉంటుంది. అప్పుడు కార్టిసాల్ చూడకుండా థైరాక్సిన్ (థైరాయిడ్ హార్మోను బిళ్ల) ఇస్తే మనిషి కుప్పకూలవచ్చు. కార్టిసాల్ లోటు ఉంటే ముందు హైడ్రోకార్టిసోన్, తర్వాతే థైరాక్సిన్.

సోడియం తగ్గడం, బీపీ పడిపోవడం, వాంతులు, అంతు చిక్కని నీరసం. ఇవి చూస్తే ఉదయం 8 గంటల కార్టిసాల్ పంపమని అడగండి. అయితే ఇప్పటికే స్టెరాయిడ్ మీద ఉన్నవాళ్లకి ఆ పరీక్ష అర్థం లేకుండా పోతుంది, అది గుర్తుంచుకోండి.

కిటికీపక్కసీటు:
నాన్నకి థైరాయిడ్ కూడా పోతే పెంబ్రో ఇక ఉండదా?

ఉదయం8గంటలశాంపిల్:
అలా ఏమీ కాదు, హార్మోన్ల విషయంలో అదొక్కటే ఊరట. లోటు ఉన్న హార్మోను బిళ్లల రూపంలో ఇస్తూ, మనిషి నిలకడగా ఉంటే ఇమ్యునోథెరపీ సాధారణంగా కొనసాగిస్తారు. ఆ గ్రంథి మాత్రం తిరిగి కోలుకోవడం అరుదు. ఇంకోటి, చాలా కొద్దిమందిలో, నూటికి ఒకరి కంటే తక్కువ మందిలో, ఉన్నట్టుండి టైప్ 1 షుగర్ వస్తుంది. వారం పదిరోజుల్లో విపరీతమైన దాహం, మాటిమాటికీ మూత్రం, ఆయాసం, వాంతులు. అది ఎమర్జెన్సీ. "వయసుకి షుగర్ వచ్చిందిలే" అని మెట్‌ఫార్మిన్ రాసుకుంటూ కూర్చుంటే లాభం లేదు, ఇన్సులిన్ కావాలి.

చిన్నకోడలు:
కొలైటిస్ గురించి నాకు తెలీదు, మా అత్తయ్య సంగతి చెప్తాను, ఎవరికైనా పనికొస్తుంది. సాయంత్రమయ్యేసరికి ఆవిడ కనురెప్పలు వాలిపోయేవి. పొద్దున బాగానే ఉండేవి. టీవీ చూస్తూ ఒక రెప్పని వేలితో పైకి పట్టుకుని కూర్చునేది. అందరం నవ్వాం, "నిద్రొస్తే పడుకోవచ్చుగా" అని. తర్వాత మాట ముక్కులోంచి రావడం, మింగితే పొలమారడం మొదలైంది. ఇన్ఫ్యూజన్ సెంటర్‌కి ఫోన్ చేస్తే అరగంటలో ఐసీయూలో ఉన్నాం. మయస్థీనియా అట, నరాల నుంచి కండరాలకి సంకేతం సరిగా అందని జబ్బు. దాంతోపాటు కండరాల వాపు, గుండె కండరం కూడా. గుండె కండరం దెబ్బతింటే రక్తంలో పెరిగే ట్రోపోనిన్ బాగా పెరిగి ఉంది. ఛాతీనొప్పి అని ఆవిడ ఒక్కసారి కూడా అనలేదు.

రిపోర్టులఫైలు:
@చిన్నకోడలు ఇప్పుడెలా ఉన్నారు?

చిన్నకోడలు:
ఇంటికొచ్చాం. నడుస్తోంది, మెత్తగా ఉన్నవే మింగుతోంది. ఇమ్యునోథెరపీ ఇక జన్మలో ఇవ్వమని తేల్చి చెప్పారు. గుండెకి వచ్చినవాళ్లకి మళ్లీ ఇవ్వరట.

నాలుగో_వార్డు:
గుండె వాపు నూటికి ఒకరికి వస్తుందేమో, కానీ వచ్చినవాళ్లలో చనిపోయేవాళ్ల శాతం చాలా ఎక్కువ. ఆ మూడూ, అంటే రెప్పలు వాలడం, కండరాల నొప్పి, ఆయాసం, కలిసొస్తే ఫోన్‌లో ఒక్క నిమిషం కూడా మాట్లాడం, బయల్దేరమంటాం. పొడిదగ్గు కొత్తగా మొదలైనా, మెట్లెక్కితే ఇదివరకు లేని ఆయాసం వచ్చినా చెప్పాల్సిందే. ఊపిరితిత్తుల క్యాన్సర్ ఉన్నవాళ్లు "జబ్బు ఉంది కాబట్టి దగ్గు ఉంటుంది" అని వదిలేస్తారు. న్యుమోనైటిస్, అంటే ఊపిరితిత్తుల వాపు, అలాగే ముదురుతుంది.

మోకాళ్లనొప్పి:
నాకు పదేళ్ల పైబడి రుమటాయిడ్ ఆర్థరైటిస్ (ఇమ్యూనిటీ సొంత కీళ్ల మీదే పడే జబ్బు) ఉంది, దాన్ని అణిచే మెథోట్రెక్సేట్ వేసుకుంటాను. ఇప్పుడు మూత్రాశయం క్యాన్సర్, పెంబ్రో మొదలుపెడదామంటున్నారు. పైనున్నవన్నీ చదివాక రాత్రి నిద్ర పట్టలేదు. ఇప్పటికే నా ఇమ్యూనిటీ నా మీదే కత్తి కట్టింది. దానికి ఇంకా ఊతమిస్తే?

సందేహాలరావు:
నేనైతే తీసుకోను.

పాతకాపు:
రావు గారూ, మూత్రాశయం క్యాన్సర్ మీకు లేదు కాబట్టి మీరు తీసుకోరు. సలహా ఇచ్చేముందు ఆ మాట కూడా రాయండి.

సందేహాలరావు:
ఒప్పుకుంటున్నా. వెనక్కి తీసుకున్నా.

రిపోర్టులఫైలు:
@మోకాళ్లనొప్పి మొదట్లో ట్రయల్స్‌లో మీలాంటివాళ్లని అసలు చేర్చుకోలేదు, అందుకే సమాచారం తక్కువ. తర్వాత ఆసుపత్రుల రికార్డులు చూసి రాసినవి ఉన్నాయి. పాత ఆటోఇమ్యూన్ జబ్బు తిరగబెట్టడమో, కొత్త సైడ్ ఎఫెక్టు రావడమో చాలామందిలో జరిగింది. కానీ ఎక్కువమందికి మందులతో అదుపులోకి వచ్చింది, ఇమ్యునోథెరపీ పూర్తిగా మానాల్సిన అవసరం కొద్దిమందికే పడింది. కీళ్ల జబ్బు ఒకటి, నరాల జబ్బు ఇంకొకటి. మయస్థీనియా ముందే ఉన్నవాళ్ల విషయంలో డాక్టర్లు బాగా వెనకాడతారు. మీ రుమటాలజిస్టునీ ఆంకాలజిస్టునీ ఒకరితో ఒకరు మాట్లాడుకోమని చెప్పండి. మీరు మధ్యలో చీటీలు మోయకండి.

మోకాళ్లనొప్పి:
చీటీలు మోయడమే ఇప్పుడు జరుగుతోంది. ఈయన ఆయన్ని అడగమంటాడు, ఆయన ఈయన్ని. థాంక్స్, ఈసారి ఇద్దరినీ ఫోన్‌లో కలుపుతాను.

గూగుల్‌పండితుడు:
ఇంతకీ ఇమ్యూనిటీ బూస్టర్ పొడులు, క్యాప్సూల్స్ వాడుతున్నారా ఎవరైనా? ఇమ్యునోథెరపీకి తోడుగా వేస్తే డబుల్ పవర్ అని ఒక వీడియో చూశాను.

పాతకాపు:
ఇప్పుడున్న పవర్‌కే నా పిట్యూటరీ పోయింది బాబూ. డబుల్ నాకొద్దు.

నాలుగో_వార్డు:
నవ్వులాటకి చెప్పినా విషయం ఉంది. ఏ మూలికతో ఏ లివర్ వాపు వచ్చిందో తెలుసుకోలేక మా డాక్టర్లు తలలు పట్టుకుంటారు. ఎంజైములు పెరిగితే మొదటి ప్రశ్న "బయట ఏం వాడుతున్నారు" అనే. వాడితే దాచకండి, అంతకంటే వాడకుండా ఉంటే మంచిది.

కిటికీపక్కసీటు:
అప్‌డేట్. స్కోపీలో పేగు ఎర్రగా, పుండ్లు పుండ్లుగా ఉందన్నారు. ఇన్ఫెక్షన్ ఏమీ లేదు. స్టెరాయిడ్‌తో సంఖ్య కొంచెం తగ్గి అక్కడే ఆగిపోయింది. ఇన్‌ఫ్లిక్సిమాబ్ ఇచ్చారు, టీబీ రిపోర్టు క్లియర్‌గా చేతిలో ఉండటం వల్ల వెంటనే మొదలైంది. @నాలుగో_వార్డు మీరు ముందే చెప్పకపోతే ఆ పేరు వినగానే నేను కళ్లు తిరిగి పడిపోయేదాన్ని. మర్నాటి నుంచే తేడా తెలిసింది. నిన్న రాత్రి ఒక్కసారి కూడా లేవలేదు.

రిపోర్టులఫైలు:
హమ్మయ్య. బాబాయి గారు?

కిటికీపక్కసీటు:
"ఇంకో కొత్త మందా!" అని ఫోన్ పెట్టేశాడు. నాన్నే తిరిగి ఫోన్ చేసి మందలించాడు.

రేపు డిశ్చార్జ్. ప్రెడ్నిసొలోన్ బిళ్లలు మెల్లగా తగ్గించుకుంటూ వెళ్లాలట, నెల దాటుతుంది అన్నారు. విరేచనాలు ఆగిపోయాక కూడా అన్నాళ్లు ఎందుకు? వారంలో ఆపేస్తే ఏం?

నాలుగో_వార్డు:
తొందరపడి ఆపితే తిరగబెడుతుంది. ఈ మందులు డోసు ఆపగానే ఒంట్లోంచి పోయేవి కావు. వారాల తరబడి రక్తంలో ఉంటాయి, టీ కణాల మీద వాటి ప్రభావం నెలలు ఉంటుంది. అందుకే కనీసం నాలుగు నుంచి ఆరు వారాలు మెట్టుమెట్టుగా దించుతారు. ఏ మెట్టు దగ్గరైనా సంఖ్య మళ్లీ పెరిగితే మీరే మోతాదు మార్చేయకుండా ఫోన్ చేయండి. డిశ్చార్జ్ కాగితంలో కోట్రైమాక్సజోల్ కనబడితే అది యాంటీబయాటిక్ పొరపాటున రాశారని మానేయొద్దు. ఎక్కువ రోజులు స్టెరాయిడ్ వేస్తే వచ్చే ఒక రకం న్యుమోనియాకి అది అడ్డు. షుగర్ కూడా చూసుకోండి, స్టెరాయిడ్ మీద ఎగురుతుంది.

రిపోర్టులఫైలు:
బిళ్లలు పొద్దున్నే వేయండి, మధ్యాహ్నం దాటనివ్వకండి. మావారు తెల్లవారుజామున మూడింటికి లేచి అలమారాలోని బట్టలన్నీ కింద పోసి, రంగుల వరసలో మడతపెట్టేవారు. నా చీరలు నాకే దొరికేవి కావు. చిరాకు, ఆకలి, మాటల వరద. స్టెరాయిడ్ పని అని ముందే తెలిస్తే ఇంట్లో కొట్లాటలు తగ్గుతాయి.

పాతకాపు:
మా ఇంటికి పంపాల్సింది, అలమారా సర్దాలి.

సందేహాలరావు:
ఇంతకీ నాన్నగారికి పెంబ్రో మళ్లీ ఇస్తారా?

కిటికీపక్కసీటు:
ఇప్పుడే చెప్పలేమన్నారు. కొలైటిస్ పూర్తిగా తగ్గి, స్టెరాయిడ్ 10 మిల్లీగ్రాముల లోపుకి దిగాక ఆలోచిద్దాం అన్నారు. అదే ఇపిలిముమాబ్ అయ్యుంటే ఇంత తీవ్రంగా వచ్చాక మళ్లీ ఇచ్చేవాళ్లం కాదు, పెంబ్రో పీడీ-1 బ్రేకు మీద పనిచేసే మందు కాబట్టి తలుపు మూసుకోలేదు అన్నారు. గడ్డ తగ్గే ఉంది కాబట్టి అప్పటిదాకా స్కాన్లతో కనిపెట్టి ఉంటారు. నాన్న మాత్రం "ఇవ్వకపోయినా ఫర్వాలేదు, బాత్రూం నంబర్లు లెక్కపెట్టే ఉద్యోగం మాత్రం వద్దు" అంటున్నాడు.

ఉదయం8గంటలశాంపిల్:
మళ్లీ ఇచ్చినా ఇవ్వకపోయినా ఒక పని చేయండి. మందు పేరు, చివరి డోసు తేదీ, ఆంకాలజీ ఫోన్ నంబరు ఉన్న కార్డు నాన్నగారి పర్సులో పెట్టండి. డోసు ఆపిన చాలా నెలల తర్వాత కూడా కొత్త సైడ్ ఎఫెక్టు రావచ్చు. ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా, పంటి డాక్టరైనా సరే, ఆ కార్డు ముందు చూపించాలి. ఎమర్జెన్సీలో "కీమో" అన్న మాట అసలు వాడకండి, "చెక్‌పాయింట్ ఇన్హిబిటర్" అనండి, ఈ బ్రేకులు తీసే మందుల పేరు అదే. అవతలివాళ్లు కనీసం ఫోన్‌లో వెతుకుతారు.

కిటికీపక్కసీటు:
ఇది ప్రింట్ తీసి పెడుతున్నాను. ఆ క్యాజువాలిటీకి కూడా ఒక కాపీ ఇవ్వాలనుంది.

నాలుగో_వార్డు:
ఇవ్వండి. నిజంగానే చెప్తున్నాను. కోపంగా కాకుండా ఇస్తే గోడకి అంటిస్తారు. మా దగ్గర అలాగే మొదలైంది.

మోకాళ్లనొప్పి:
ఇద్దరు డాక్టర్లనీ ఫోన్‌లో కలిపాను! పది నిమిషాల్లో తేలిపోయింది. మెథోట్రెక్సేట్ తక్కువ మోతాదులో కొనసాగుతుంది, మొదటి పెంబ్రో వచ్చే వారం. కీళ్లు వాచితే ఎవరికి ముందు ఫోన్ చేయాలో కూడా రాసిచ్చారు. ఒక్క అనుమానం, ఫ్లూ టీకా వేయించుకోవచ్చా?

నాలుగో_వార్డు:
ఇంజెక్షన్‌గా ఇచ్చే ఫ్లూ టీకాలో బతికున్న వైరస్ ఉండదు, మామూలుగా వేయించుకోమనే చెప్తారు. ముక్కులో కొట్టే రకం, ఇంకా బతికున్న వైరస్ ఉన్న టీకాలు మీకు వద్దు, మీరు మెథోట్రెక్సేట్ మీద కూడా ఉన్నారు. వేయించుకునే ముందు ఆంకాలజిస్టుకి ఒక మెసేజ్ పెట్టండి. మొదటి డోసుకి ముందు టీఎస్‌హెచ్, లివర్, కిడ్నీ, షుగర్ పరీక్షలు, ఈసీజీ అయ్యాయో లేదో చూసుకోండి. రేపు ఏదైనా మారితే పోల్చుకోవడానికి అవే ఆధారం.

మోకాళ్లనొప్పి:
ఈసీజీ తప్ప అన్నీ అయ్యాయి. అడుగుతాను.